ట్రాన్స్‌ఫార్మర్ లాస్: ఫార్ములా నమ్మాలా, కొలిచి చూడాలా?

చుట్టలరాయుడు:
100 కిలోహెర్ట్జ్ ఫుల్ బ్రిడ్జ్ (నాలుగు స్విచ్‌ల పవర్ సప్లై)కి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టా, ఎన్87 ఫెరైట్ కోర్. డేటాషీట్ గ్రాఫ్ పట్టుకుని స్టైన్‌మెట్జ్ ఫార్ములాలో వేస్తే కోర్ లాస్ 2 వాట్లు, ప్రైమరీ రాగికి డీసీ రెసిస్టెన్స్‌తో 0.4 వాట్లు వచ్చింది. ఫుల్ లోడ్‌లో పది నిమిషాలకే చెయ్యి పెట్టలేకపోతున్నా. ఈ ఫార్ములాలన్నీ దండగ, చేసి కొలుచుకోవడం ఒక్కటే దారి.

ఫెరైట్‌పిచ్చి:
ఫార్ములాని తిట్టే ముందు అది దేనికోసం పుట్టిందో చూడు బ్రో. డేటాషీట్ గ్రాఫ్ సైన్ వేవ్‌ది, నీ కోర్‌లో ఫ్లక్స్ తిరిగేది ట్రయాంగిల్‌లో. అందుకే 2002లో ఆ ఫార్ములాని ఐజీఎస్‌ఈ (ఇంప్రూవ్డ్ జనరలైజ్డ్ స్టైన్‌మెట్జ్ ఈక్వేషన్) అని మార్చారు, స్టైన్‌మెట్జ్‌లోని మూడు స్థిరాంకాలే సరిపోతాయి. కానీ డ్యూటీ (స్విచ్ ఆన్‌లో ఉండే సమయం వాటా) 50 శాతం దగ్గరుంటే ఆ తేడా చిన్నదే, నీ దొంగ కోర్ కాదనిపిస్తోంది. ప్రైమరీ తీగ ఎంత, ఎన్ని లేయర్లు?

చుట్టలరాయుడు:
0.8 మిల్లీమీటర్ సింగిల్ తీగ, మూడు లేయర్లు, దానిపైన సెకండరీ.

ఫెరైట్‌పిచ్చి:
అదిగో! 100 కిలోహెర్ట్జ్‌లో రాగి స్కిన్ డెప్త్, అంటే కరెంటు ఉపరితలం నుంచి లోపలికి దిగే లోతు, 0.2 చిల్లర మిల్లీమీటర్లే. స్కిన్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు, అసలు చంపేది ప్రాక్సిమిటీ (పక్క తీగల ఫీల్డ్ ప్రభావం), లేయర్ మీద లేయర్ పడేకొద్దీ ఫీల్డ్ పెరిగిపోయి పై లేయర్లు ఊరికే కాగిపోతాయి. లేయర్లను బట్టి ఏసీ రెసిస్టెన్స్ ఎంత పెరుగుతుందో చెప్పే 1966 నాటి డోవెల్ లెక్క వేసుకో, నీ ఏసీ రెసిస్టెన్స్ డీసీకి 15 రెట్లు దాటుతుంది. ఆ 0.4 కాస్తా 6 వాట్లు అయిపోయింది చూశావా. విడివిడిగా ఇన్సులేషన్ ఉన్న సన్నపోగుల లిట్జ్ తీగ వాడు, లేదా సెకండరీని ప్రైమరీ మధ్యలో పెట్టు.

కొలతలమ్మ:
ఇద్దరికీ ఒక మాట అండీ. "కొలిస్తే తేలిపోతుంది" అనేది కూడా అంత తేలిక కాదు. కోర్ లాస్‌ని ఆసిలోస్కోప్‌తో కొలిస్తే ఓల్టేజీకి కరెంటుకీ మధ్య ఫేజ్ 89 డిగ్రీలు ఉందనుకోండి, ప్రోబ్‌లు ఒక్క డిగ్రీ తప్పితే లాస్ సున్నా అయినా అవుతుంది, డబుల్ అయినా అవుతుంది. ఈ ఫ్రీక్వెన్సీలో ఒక డిగ్రీ అంటే 28 నానోసెకన్లే. నేనైతే ముందు సెకండరీ లోడ్ తీసేసి, డ్యూటీ మార్చకుండా నడుపుతా, ఫ్లక్స్ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి వేడెక్కితే తప్పు కోర్‌దే. పైగా ఎన్87కి లాస్ అతి తక్కువ ఉండేది 100 డిగ్రీల దగ్గర, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువే, కాబట్టి ఈ టెస్ట్ కోర్ మీద జాలి చూపించదు.

చుట్టలరాయుడు:
చేశా. లోడ్ లేకుండా అరగంట నడిపినా గోరువెచ్చగానే ఉంది. సరే తప్పు రాగిదే, లిట్జ్‌తో మళ్ళీ చుడతా. కానీ ఆ సంగతి తేలింది కొలిచి చూస్తేనే కదా 😄

ఫెరైట్‌పిచ్చి:
తేల్చింది నీ చెయ్యి, ఎటు వైపు చూడాలో చెప్పింది డోవెల్.