వైజాగ్ మధురవాడ వైపు లేఅవుట్ల మధ్య గోడల్లో నడక దారి విడవాలా, వద్దా?

పీఎం పాలెం వాసి:
మా డాబా ఎక్కితే పక్క లేఅవుట్‌లోని మందుల షాపు బోర్డు చదవొచ్చు. నడిచి వెళ్లాలంటే మాత్రం వీధి మొదటికి వచ్చి, హైవే పక్కన నడిచి, వాళ్ల గేటులోంచి మళ్లీ వెనక్కి రావాలి. పావుగంట పైనే. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, మందులకి కూడా ఆటో ఎక్కుతుంది. మనిషి పట్టేంత దారి విడవాలని అసోసియేషన్ మీటింగ్‌లో అడిగితే సగం మంది ఒప్పుకోలేదు. మీరేమంటారు?

రుషికొండ రోడ్:
నేనైనా ఒప్పుకోను. దారి తెరిస్తే రెండో రోజే బైకులు వస్తాయి. మా వీధి చివర మూసి ఉంది కాబట్టే సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. అది చూసే ప్లాటు కొన్నాం. అయినా ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కంబాలకొండ. వైజాగ్‌లో వీధులన్నీ కలపడం ఎలా కుదురుతుంది?

ఎంవీపీ కాలనీ:
నెపం కొండల మీదకు నెట్టకండి సార్. మా కాలనీ కైలాసగిరికి దగ్గర్లోనే ఉంది. అప్పటి నగరాభివృద్ధి సంస్థ వుడా మొత్తం ఒకే ప్లానుగా సెక్టార్లు గీసింది కాబట్టి ఒక రోడ్డు తవ్వితే ఇంకో రోడ్డున వెళ్తాం. 2005లో గాజువాక మున్సిపాలిటీ, 32 గ్రామాలు నగరంలో కలిసి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) అయింది. ఊరు అలా పెరిగిన చోట ఎవరి చేను వాళ్లు లేఅవుట్ వేసి అమ్మారు. చేను గట్టు ఎక్కడుందో అక్కడే ప్రహరీ లేచింది. రైతులు గట్టు మీదుగా పక్క చేలోకి వెళ్లేవాళ్లు, మనకి ఆ దారి కూడా లేదు. చిన్న పనికైనా అందరూ హైవే ఎక్కాల్సిందే.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌తో ప్రపంచంలోని వీధులను లెక్కగట్టారు. 1975 తర్వాత వేసిన వీధులు ఒకదానితో ఒకటి కలవడం తగ్గుతూ వస్తోందని 2020లో ప్రచురించారు. అమెరికాలో 1990ల మధ్య నుంచి ఈ ధోరణి వెనక్కి తిరిగింది.

రుషికొండ రోడ్:
బైకుల సంగతి చెప్పలేదు.

ఎంవీపీ కాలనీ:
మీ భయం న్యాయమైనదే. డెన్మార్క్, బ్రిటన్‌లలో కార్లకు మూసిన చోట్ల కూడా నడిచేవాళ్లకి, సైకిళ్లకి దారి విడుస్తారు. గుడి క్యూలో ఉన్నట్టు మలుపు తిరిగే ఇనప పైపులు పెడితే బైకు దూరదు.

మధురవాడ టీచర్:
నా కోపం అసోసియేషన్ల మీద కాదు. లేఅవుట్ ప్లాను అనుమతికి వచ్చినప్పుడే పక్క సర్వే నెంబరు వైపు రోడ్డు విడిచారా లేదా అని గట్టిగా చూడాలి. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి తగరపువలస దాటి ప్లాట్లు అమ్ముతున్నారు. కొనేవాళ్లు తూర్పు ఫేసింగా, వాస్తు ఉందా అని అడుగుతారు. ఈ వీధి అటు చివర దేనిలో కలుస్తుందో కూడా అడగండి, దయచేసి.

పీఎం పాలెం వాసి:
ఆదివారం మీటింగ్‌కి పైపుల దారి బొమ్మ గీసి తీసుకెళ్తాను. రుషికొండ రోడ్ గారూ, రాత్రి పదికి తాళం వేస్తామంటే మీలాంటి వాళ్లు ఒప్పుకుంటారా?

రుషికొండ రోడ్:
తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటే ఒప్పుకుంటాను. అమ్మగారి కోసమైనా అడగండి.