బాస్ గిటార్‌కి నైలాన్ టేప్‌వౌండ్: లైట్ గేజ్ చాలా, 60-115 తప్పదా?

మంద్రస్థాయి
నాది 34 అంగుళాల స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు), నాలుగు తీగల బాస్. ఇన్నాళ్లూ 45-105 గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) నికెల్ రౌండ్‌వౌండ్లే, అంటే పైన గుండ్రటి లోహపు తీగ చుట్టినవే, వాడుతున్నాను. నాకు కావాల్సింది పాటని కింద నుంచి మోసే గుండ్రటి నాదం. వేలు జరిపినప్పుడల్లా వచ్చే గీరుడు చప్పుడు అసలు వద్దు. పైగా ఈమధ్య ఎడమ మణికట్టు నొప్పెడుతోంది (డాక్టర్‌కి చూపించుకుంటున్నాను, దాని గురించి కంగారు లేదు). అందుకని నైలాన్ టేప్ వైపు చూస్తున్నా. లా బెల్లా కంపెనీలో 750ఎన్ అని 50-65-85-105 సెట్ ఉంది, 760ఎన్ అని 60-70-94-115 ఉంది. లైట్ వేస్తే ఇ (E) తీగ, అంటే అన్నిటికంటే లావుది, వేలాడుతుందని ఒకరు, 115 వేస్తే నట్ (నెక్ కొసన తీగలు కూర్చునే గాడులున్న ముక్క) కోయించాల్సిందేనని ఇంకొకరు. వేళ్లతో మెత్తగానే వాయిస్తాను, స్లాప్ జోలికి పోను. ఏది వేసుకోమంటారు?

బరువైన_చెయ్యి
60-115, రెండో మాటే లేదు. టేప్ తీగలంటేనే బిగువు తక్కువ. అందులోనూ లైట్ తీసుకుంటే ఇ తీగ మీటినప్పుడల్లా ఫ్రెట్లకి (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలకి) టపటపా కొట్టుకుంటుంది. ఇంట్లో మెత్తగానే వాయిస్తారు. అదే పక్కన డ్రమ్స్ మోగుతుంటే మనకి తెలియకుండానే చేతిలోకి బలం వచ్చేస్తుంది, అప్పుడు లైట్ తీగ నిలబడదు. రోటోసౌండ్ ట్రూ బాస్ 88 లాంగ్ స్కేల్ సెట్ చూడండి: 65-75-100-115. దశాబ్దాలుగా అమ్ముతున్న సెట్ అది. అంత లావు ఊరికే పెట్టలేదు.

సెటప్_బల్ల
బరువైన_చెయ్యి గారూ, ఊరికే పెట్టలేదన్న మాట నిజమే. ఎందుకు పెట్టారన్నదే ఇక్కడ అసలు సంగతి.

టేప్ తీగ లోపల ఉక్కు కోర్ ఉంటుంది, దాని మీద లోహపు చుట్టు, అన్నిటికీ పైన చదునైన నైలాన్ పట్టీ. ఉక్కు ఘన సెంటీమీటరుకి 7.8 గ్రాముల దాకా తూగితే నైలాన్ 1.15 దగ్గరే ఆగుతుంది. అంటే ఆ పై పొర తీగని లావు చేస్తుంది కానీ బరువు పెద్దగా పెంచదు. శ్రుతీ స్కేలూ మారనప్పుడు ఎంత బిగించాలన్నది తీగ బరువుని బట్టే ఉంటుంది. అందుకే 105 టేప్‌నీ 105 రౌండ్‌వౌండ్‌నీ ఒకే గాటన కట్టకూడదు. గేజ్ ఒకటే అయినా టేప్ తీగ వదులుగానే ఉంటుంది. రౌండ్‌వౌండ్ బిగువు దగ్గరికి రావాలంటే టేప్ లావెక్కక తప్పదు. 115 వెనకున్న కారణం ఇదే.

మరి మంద్రస్థాయి గారికి ఆ బిగువు కావాలా? మణికట్టు నొప్పంటున్నారు, మెత్తగా మీటుతానంటున్నారు. వదిలించుకోవాలనుకుంటున్న బిగువునే లావు తీగలు కొని మళ్లీ తెచ్చుకోవడం ఎందుకు? నేనైతే 50-105 అంటాను.

నట్ సంగతి కూడా ఉంది. ఆయన జి (G, అన్నిటికంటే సన్నది) తీగ గాడి 45కి కోసినది, అంటే 1.14 మి.మీ. దాంట్లో 50 పెడితే తేడా 0.13 మి.మీ. చాలా నట్‌లు ఆ మాత్రం ఓర్చుకుంటాయి. 60 పెడితే 0.38 మి.మీ. అప్పుడు తీగ గాడిలోకి దిగదు, అంచుల మీదే కూర్చుంటుంది. మొదటి ఫ్రెట్ దగ్గర ఎత్తు పెరిగిపోతుంది. అక్కడ నొక్కడానికి బలమూ ఎక్కువ పడుతుంది, నొక్కిన స్వరం శ్రుతి దాటి పైకీ పోతుంది. మణికట్టుకి హాయి కోసం మార్చిన తీగ మణికట్టునే బాధపెడుతుందన్నమాట. తీగ మార్చాక 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ పైన చూడండి. కాగితం మందమంత సందు ఉంటే నట్ బాగున్నట్టే. వెలుగు బాగా కనబడుతోందంటే తీగ పైనే ఆగిపోయింది. గాడి వెడల్పు చేయించుకోవచ్చు కానీ, రేపు మళ్లీ సన్న తీగలకి రావాలనిపిస్తే అవి అందులో అటూ ఇటూ కదులుతాయి. అప్పుడిక కొత్త నట్ వేయించుకోవాల్సిందే.

పలక_మీద_వేలు
ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని బాస్) వాయించేవాడిగా నా ఓటు కూడా లైట్‌కే. రౌండ్‌వౌండ్ చెక్కని తినేస్తుంది, నైలాన్ ఆ పని చేయదు. బిగువు తక్కువ కాబట్టి తీగ ఫింగర్‌బోర్డ్‌ని అలా తాకీ తాకకుండా ఊగుతుంది, ఫ్రెట్‌లెస్‌కి ప్రాణం లాంటి ఆ ముక్కు నాదం అక్కడే పుడుతుంది. లావు సెట్‌లో నాకది అంతగా దొరకలేదు.

బరువైన_చెయ్యి
ఫ్రెట్‌లెస్ వేరు లెండి, ఆయనది ఫ్రెట్లున్న బాస్.

సెటప్_బల్ల గారూ, బరువు లెక్క ఒప్పుకుంటాను. కానీ ఒకటి వదిలేశారు. వదులు తీగని మీటగానే ఆ ఊపుకి అది సాగుతుంది, ఆ క్షణంలో స్వరం కొంచెం పైకి ఎగిరి తర్వాత చోటుకి దిగుతుంది. బిగువు ఎంత తక్కువైతే ఈ ఎగురుడు అంత ఎక్కువ. ఒంటరిగా వాయిస్తుంటే చెవికి ఆనదు. కీబోర్డ్ కూడా అదే బాస్ లైన్ వాయిస్తున్నప్పుడు వినండి, ప్రతి స్వరం మొదట్లో రెండూ కలవవు. శ్రుతి నిలకడ నాకు మెత్తదనం కంటే ముఖ్యం. మామూలుగా ఇ తీగ మీదే ఇది ఎక్కువగా బయటపడుతుంది, బాస్ వాడు ఎక్కువగా నిలబడేదీ ఆ తీగ మీదే.

సెటప్_బల్ల
ఇది గట్టి మాట, కాదనను. అది ఎంత వస్తుందన్నది మాత్రం మీటే చేతిని బట్టి ఉంటుంది. అందుకే మంద్రస్థాయి గారూ, కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఇప్పుడున్న తీగలనే నాలుగింటినీ ఒక టోన్ దించండి, ఇ కాస్తా డి అయ్యేలా. బిగువు శ్రుతి (ఫ్రీక్వెన్సీ) వర్గాన్ని, అంటే స్క్వేర్‌ని, బట్టి మారుతుంది కాబట్టి ఇప్పుడున్నదాంట్లో సుమారు 79 శాతం మిగులుతుంది. టేప్ నాదం రాదనుకోండి, వదులు తీగ మీద మీ చెయ్యి ఎలా నడుస్తుందో మాత్రం తెలిసిపోతుంది. మీతో వాయించేవాళ్ల మధ్యే కూర్చుని వాయించండి, ఒక్కరే గదిలో కాదు.

ఇదే లెక్కన ఇంకో మాట. 30 అంగుళాల షార్ట్ స్కేల్ మీద, అదే తీగ అదే శ్రుతిలో ఉంటే, బిగువు 34 అంగుళాల మీద ఉన్నదాంట్లో 78 శాతమే. ఎవరైనా షార్ట్ స్కేల్‌కి అడిగుంటే నేనూ లావు సెట్టే చెప్పేవాణ్ని.

మంద్రస్థాయి
చేసి చూశాను. నెక్ చివర మీటితే ఇ తీగ నిజంగానే కొట్టుకుంటోంది. పికప్‌ల మధ్యకి చెయ్యి జరిపితే శుభ్రంగా ఉంది. నేను మామూలుగా మీటేది అక్కడే. మణికట్టుకి తేడా వెంటనే తెలిసింది. డ్రమ్స్‌తో కలిసి వాయించినప్పుడు మొదట్లో గట్టిగా మీటాను, ఆంప్ వాల్యూమ్ పెంచుకున్నాక చెయ్యి దానంతటదే తగ్గింది. కాబట్టి 50-105తో మొదలుపెడతాను. తీగలు మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

బరువైన_చెయ్యి
మీ చేతికి కుదిరితే సంతోషమే అండీ. నా మాట మీద నేను ఉన్నాను కానీ మధ్యే మార్గం ఒకటి చెప్తాను. కొన్నాళ్లకి ఇ ఒక్కటే బలహీనంగా అనిపిస్తే సెట్ మొత్తం మార్చకండి. విడి తీగ దొరికితే ఇ మాత్రం 115 వేసుకోండి. అప్పుడు కోయాల్సిన గాడి ఒక్కటే, అదీ పావు మిల్లీమీటరు.

సెటప్_బల్ల
దీనికి నేనూ ఒప్పుకుంటాను.

ఇక మార్చేటప్పుడు: బిగువు తగ్గితే నెక్ వెనక్కి వాలుతుంది, ఫ్రెట్ల మీద తీగ చిర్రుమంటుంది. అది చూసి లైట్ తీగలే బాగోలేవని తీసిపారేసేవాళ్లు చాలామంది. ట్రస్ రాడ్ (నెక్ లోపల దాని వంపు సరిచేసే కడ్డీ) పావు చుట్టు కంటే తక్కువే వదులు చేసి, నెక్ కుదురుకోనిచ్చి, మళ్లీ చూడండి. ఆ తర్వాతే సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) ఎత్తు, చివర్న ఇంటొనేషన్ (నెక్ పొడవునా శ్రుతి సరిపోయేలా చూసుకోవడం).

తీగ చివర కత్తిరించే ముందు కోసే చోటికి కాస్త ఇవతల లంబకోణంలో వంచండి. వంచకుండా కోస్తే లోపలి చుట్టు కోర్ మీద జారి వదులైపోతుంది, ఆ తీగ ఇక పలకదు.

నైలాన్ వేశాక హమ్ (ఆంప్‌లో వినబడే గుయ్‌మనే చప్పుడు) పెరిగినట్టు అనిపిస్తే పికప్ పాడైందనుకోకండి. మామూలు తీగలు బ్రిడ్జ్ ద్వారా గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి, మన వేలు తగలగానే హమ్ తగ్గుతుంది. నైలాన్ మీద వేలు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. బ్రిడ్జ్ లోహాన్ని ముట్టుకుని చూడండి, హమ్ తగ్గితే కారణం ఇదే. లోపల షీల్డింగ్ (బయటి విద్యుత్ గోలని ఆపే లోహపు పొర) చేయిస్తే చాలావరకు పోతుంది.