చెరువు మీద ఉమ్మడి ప్రాజెక్టు: కెమిస్ట్రీ, జాగ్రఫీ, సోషియాలజీ కలిపితే ఎక్కడ దెబ్బతింటుంది?

మొరవకాలువ:
అందరికీ నమస్కారం. పర్యావరణ అధ్యయనాల పీజీ, నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు గురించి అడుగుతున్నా. తిరుపతి రూరల్‌లో ఒక చెరువు, కట్ట కింద ఊరు. ఆయకట్టు చాలావరకు ప్లాట్లయిపోయింది. మిగిలిన రైతులు, ఇళ్ళవాళ్ళు బోర్ల మీదే ఉన్నారు. చెరువులో నీళ్ళు తగ్గేకొద్దీ కింద బోర్ల నీళ్ళు ఎలా మారుతున్నాయి, ఏ నీళ్ళు దేనికి వాడుతున్నారు అన్నది మా ప్రశ్న. బృందంలో ముగ్గురం: కెమిస్ట్రీ, జాగ్రఫీ, సోషియాలజీ. డిసెంబరు ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా టైముంది. ఎన్ని శాంపిళ్ళు, ఎన్ని ఇళ్ళు, ఏది ముందు? చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు చెప్పండి.

57ఓ_బై_6:
ప్రశ్న బాగుంది తమ్ముడూ. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది ఒకే చోట. కెమిస్ట్రీ వాళ్ళు బోర్లు ఎంచుకుంటారు, సోషియాలజీ వాళ్ళు వేరే వీధిలో ఇళ్ళు ఎంచుకుంటారు, జాగ్రఫీ వాళ్ళు మబ్బుల్లేని ఏదో ఒక తేదీ శాటిలైట్ బొమ్మ దించుకుంటారు. ఏప్రిల్‌లో మూడూ కలిపి బైండింగ్ చేయించేసరికి ఒకదానికొకటి తగలవు. నైట్రేట్ ఎక్కువ వచ్చిన బోరు తాలూకు ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారో ఎవరి దగ్గరా ఉండదు.

మొదటి రోజు ముగ్గురూ కలిసే ఊరు తిరగండి. ప్రతి బోరుకూ ఒక నంబరు వేయండి: బి-01, బి-02 ఇలాగ. ఆ నంబరే బాటిల్ మీద, ఫారం మీద, మ్యాప్ మీద ఉండాలి. ఆ బోరు నీళ్ళు వాడే ఇళ్ళకు బి-07-ఎ, బి-07-బి అని వేసుకోండి. ఎక్సెల్‌లో బోరుకు ఒక వరుస. నీటి పరీక్షలు, దూరాలు, ఇంటి జవాబులు అన్నీ ఆ వరుసలోకే రావాలి. ఈ ఒక్క షీటు కుదిరితే సగం ప్రాజెక్టు అయిపోయినట్టే.

లెక్కకు: కట్ట కింద 24 బోర్లు (కట్ట నుంచి 300 మీటర్ల లోపు 8, 300 నుంచి 800 లోపు 8, ఆపైన 8), పోలికకు చెరువు ఎగువన 6. మొత్తం 30. బోరుకు రెండు ఇళ్ళు, అంటే 60 ఫారాలు. జనవరి రెండో వారంలో ఒకసారి, ఏప్రిల్ మూడో వారంలో ఇంకోసారి అవే బోర్లు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి జనవరికి చెరువు నిండుగా ఉంటుంది, ఏప్రిల్‌కు లోపలికి పోతుంది. మీ సెమిస్టరు ఆ తేడాకు సరిగ్గా సరిపోయింది.

శాంపిల్_సైజ్:
30 బోర్లతో స్టాటిస్టిక్స్ ఏం నిలబడుతుంది సార్? వైవాలో మొదటి ప్రశ్నే అది. కనీసం వంద చేయమనండి.

బ్యూరెట్_అక్క:
వంద అనడం తేలిక. కఠినత్వం, కాల్షియం, క్లోరైడ్, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం): బోరుకు నాలుగు టైట్రేషన్లు, అంటే బ్యూరెట్‌తో చుక్క చుక్క వేసి కొలిచే పరీక్షలు. ప్రతిదీ రెండుసార్లు. 30 బోర్లకే 240 టైట్రేషన్లు అయ్యాయి. పది నిమిషాలకొకటి లెక్కన 40 గంటలు, అదీ ఒక్క సీజనుకు. వంద బోర్లు పెట్టుకుంటే రెండోసారి చేసే ఓపిక, రీఏజెంట్లు రెండూ మిగలవు. సీజను పోలిక పోతే మీ ప్రశ్నే పోతుంది. ఒకే బోరు జనవరి, ఏప్రిల్ విలువలు జతగా ఉంటే 30 జతలతో జత పరీక్ష చక్కగా చేయొచ్చు. విలువలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి కాబట్టి జత పరీక్షల్లో విల్‌కాక్సన్ పరీక్ష వాడండి, కట్ట నుంచి దూరంతో సంబంధం చూడడానికి స్పియర్‌మన్ పరీక్ష.

ఇక నీళ్ళు పట్టే పద్ధతి. మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే కొళాయి నీళ్ళు పట్టొద్దు, బోరు నోటి దగ్గరే పట్టాలి. మోటారు వేసి ఈసీ (నీళ్ళ విద్యుత్ వాహకత) మీటరు రెండు నిమిషాలకోసారి చూడండి. వరసగా మూడు రీడింగులు ఒకేలా వచ్చాక, అంటే మామూలుగా ఐదు నుంచి పది నిమిషాల తర్వాత, అదే నీళ్ళతో బాటిల్ మూడుసార్లు కడిగి నిండుగా పట్టి గాలి లేకుండా మూత బిగించండి. పీహెచ్, ఈసీ, ఉష్ణోగ్రత అక్కడే తీయాలి. ల్యాబుకు తెచ్చేలోపు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పైకి పోతుంది. పొద్దున బయల్దేరే ముందు ఈసీ మీటరును 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో సరిచూసుకోండి. నైట్రేటుకు వేరే బాటిల్, ఐసు పెట్టెలో పెట్టి 48 గంటల లోపు చేయాలి. ఆల్కలినిటీ ఆ సాయంత్రమే. ఫ్లోరైడ్ శాంపిల్ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ బాటిలే.

మొరవకాలువ:
అక్కా, అయాన్ బ్యాలెన్స్ (నీళ్ళలో ధన అయాన్ల మొత్తానికీ ఋణ అయాన్ల మొత్తానికీ తేడా) 5 శాతం లోపు వస్తే ఫలితాలు సరైనవని గైడ్ చెప్పారు. అంతేనా?

బ్యూరెట్_అక్క:
అంత ధీమా వద్దు తమ్ముడూ. ఒక లెక్క వేసి చూపిస్తా. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఒక బోరు: కాల్షియం 80, మెగ్నీషియం 36, సోడియం 115, పొటాషియం 4. మిల్లీఈక్వివలెంట్లలో, అంటే విద్యుదావేశం లెక్కలో, 3.99, 2.96, 5.00, 0.10, మొత్తం 12.05. అటుపక్క బైకార్బనేట్ 366, క్లోరైడ్ 142, సల్ఫేట్ 48, నైట్రేట్ 62. అంటే 6, 4, 1, 1, మొత్తం 12. తేడా 0.05, రెండు మొత్తాల కూడిక 24.05. తప్పు 0.2 శాతం. చక్కగా ఉంది.

ఇప్పుడు ఆల్కలినిటీ చూడండి. టైట్రేషన్‌లో 300 వస్తుంది, కాల్షియం కార్బనేట్ లెక్కలో. దాన్ని 1.22తో గుణిస్తే 366 బైకార్బనేట్. గుణించకుండా 300నే బైకార్బనేట్ గడిలో వేశారనుకోండి, అది 4.92 అవుతుంది, అటు మొత్తం 10.92. తప్పు 4.9 శాతమే! పాసైపోయింది. లేదా నైట్రేట్ అసలు చేయనే లేదనుకోండి, మొత్తం 11. తప్పు 4.6 శాతం, అదీ పాసే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో నైట్రేటుకు హద్దు 45. ఇక్కడున్నది 62. బ్యాలెన్స్ మీకు ఆ సంగతి చెప్పదు. రెండు తప్పులూ కలిస్తేనే 9.7 శాతానికి పోయి బయటపడుతుంది.

ఇంకొకటి, బయటి ల్యాబు రిపోర్టులో నైట్రేట్ 14 అని ఉంటే అది నైట్రేటా, నైట్రోజన్ లెక్కా అడిగి తెలుసుకోండి. నైట్రోజన్ లెక్కలో 14 అంటే 4.43తో గుణించి 62. అడగకపోతే హద్దు దాటిన బోరును మంచి బోరని రాసేస్తారు. అది ఆ ఇంట్లో ఆ నీళ్ళతో కలిపిన డబ్బాపాలు తాగే పసిపిల్లలకు తగిలే తప్పు.

గంగజాతర_సర్వే:
ఫారం గురించి నేను చెబుతా. ముందుగా పది ఇళ్ళలో ఉత్తుత్తి సర్వే చేసి ప్రశ్నలు దిద్దుకోండి. ఇంగ్లీషులో రాసి గుమ్మం దగ్గర అప్పటికప్పుడు తెలుగు చేస్తే ముగ్గురూ మూడు రకాలుగా అడుగుతారు. మొదటే తెలుగులో రాయండి. చిత్తూరు వైపు, సత్యవేడు వైపు ఊళ్ళయితే అరవం మాట్లాడే ఇళ్ళుంటాయి, వాళ్ళకు ఒకరిని తోడు తీసుకెళ్ళండి.

"ఏ నెలలో బోరు తగ్గుతుంది" అని అడిగితే ఉజ్జాయింపు జవాబొస్తుంది. "సంక్రాంతికి ఎంత పోసేది? ఉగాదికి? గంగజాతరకు?" అని అడగండి, గట్టిగా గుర్తు చేసుకుని చెబుతారు. పాత సంగతులకు 2021 నవంబరు వరద మంచి గుర్తు. ఆ వరదకు ముందా, తర్వాతా అంటే అందరికీ తెలుసు.

బోరు లోతు చాలామందికి నోటికి రాదు, లేదా గొప్పకు చెబుతారు. "ఎన్ని పైపులు దించారు, పైపు ఎన్ని అడుగులు" అని అడగండి. 20 అడుగుల పైపులు 18 అంటే మోటారు 360 అడుగుల్లో ఉంది. నీళ్ళు ఎన్ని అడుగుల్లో పడ్డాయన్నది వేరే ప్రశ్న, అదీ రాయండి. స్థలం అంకణాల్లో చెబితే వెంటనే చదరపు అడుగుల్లో ఎంతో అడగండి. అంకణం కొలత అన్నిచోట్లా ఒకటి కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: తాగేది ఏవి, వంటకు ఏవి, పిల్లలకు ఏవి? మూడు గడులు వేరువేరుగా పెట్టండి. క్యాన్ నీళ్ళు తాగి బోరు నీళ్ళతో అన్నం, పప్పు వండే ఇళ్ళు బోలెడు. ఫ్లోరైడ్ ముప్పు లెక్కలో రోజుకు 2 లీటర్లు బోరు నీళ్ళే తాగుతారని గుడ్డిగా వేసేస్తుంటారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, 2 లీటర్లు, 60 కిలోల మనిషి: కిలోకు 0.05. అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు 0.06తో భాగిస్తే 0.83, ఒకటి లోపు కాబట్టి ముప్పు లేదని వస్తుంది. అదే 2.5 లీటర్లయితే 1.04, ముప్పు ఉందని వస్తుంది. అంటే ఫలితం ల్యాబులో తేలలేదు, ఎన్ని చెంబులు తాగారన్న దగ్గర తేలింది. మన ఎండలకు పొలం పని చేసేవాళ్ళు 2 లీటర్లతో ఆగరు కూడా.

57ఓ_బై_6:
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పైప్‌ల లెక్క నా వైపు నుంచి కూడా కావాలి. 40 అడుగుల దిగుడు బావినీ 900 అడుగుల బోరునీ ఒకే కుప్పలో వేస్తే చెరువు ప్రభావం కనిపించదు. చెరువు నీళ్ళు మొదట చేరేది పైనున్న మెత్తటి రాతి పొరకు. కింద గట్టి రాతి పగుళ్ళలో నీళ్ళు ఎక్కడి నుంచో వచ్చి ఉండొచ్చు. లోతును బట్టి రెండు గుంపులు చేయండి.

మ్యాప్ సంగతి. సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు ఉచితం, ఒక గడి 10 మీటర్లకు 10 మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. నీళ్ళు పట్టిన తేదీకి వారం లోపు బొమ్మే తీసుకోండి. క్యూజీఐఎస్‌లో (మ్యాప్‌ల సాఫ్ట్‌వేర్) ప్రొజెక్షన్ 32644, అంటే మన ప్రాంతానికి మీటర్లలో కొలిచేది, పెట్టాకే విస్తీర్ణం లెక్కగట్టండి. డిగ్రీల్లో ఉంచేస్తే అంకెలకు అర్థం ఉండదు. ఎన్‌డీడబ్ల్యూఐకి (బొమ్మలో నీళ్ళను గుర్తించే సూచిక) మూడో బ్యాండు, ఎనిమిదో బ్యాండు.

రెండు చోట్ల బోల్తా పడతారు. గుర్రపుడెక్క పట్టిన చెరువు ఎన్‌డీడబ్ల్యూఐలో పచ్చిక లాగా వస్తుంది, నీళ్ళు నిండుగా ఉన్నా చెరువు కుంచించుకుపోయిందని రాసేస్తారు. కాబట్టి ఆ రోజు కట్ట మీద నిలబడి ఫోటో తీసి, డెక్క ఎంతవరకు ఉందో జీపీఎస్ పెట్టండి. రెండోది కొండ నీడ. డిసెంబరు, జనవరిలో సూర్యుడు వాలి ఉంటాడు కాబట్టి శేషాచలం కొండల ఉత్తరపు వాలుల నీడ కూడా నీళ్ళలాగే పడుతుంది. చెరువు చుట్టూ 200 మీటర్ల హద్దు గీసి దాని లోపలే లెక్కవేయండి.

మొరవకాలువ:
చెరువు నీళ్ళు కూడా పట్టాలా సార్? నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చేస్తే మధ్యాహ్నం లీటరుకు 12 మిల్లీగ్రాములు వస్తోంది, టైట్రేషన్ తప్పేమో అనుకుంటున్నాం.

బ్యూరెట్_అక్క:
తప్పు కాకపోవచ్చు. 30 డిగ్రీల్లో నీళ్ళు గాలి నుంచి పట్టుకోగలిగేది 7.5 చిల్లర. నాచు పెరిగిన చెరువు ఎండలో దానికి మించి పోతుంది, తెల్లారేసరికి 2, 3కు పడిపోతుంది. చేపలు చచ్చి తేలేది ఆ వేకువ జామునే. పొద్దున ఆరుకూ మధ్యాహ్నం రెండుకూ ఒకే చోట పట్టి రెండూ వేయండి, టైము తప్పకుండా రాయండి. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాలో (ఆక్సిజన్ పరీక్షకు వాడే గాజు సీసా) బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ చెరి 2 మిల్లీలీటర్లు గట్టు మీదే వేసేయాలి. ల్యాబుకు తెచ్చాక వేద్దామంటే ఆ నీళ్ళలోని నాచు దారిలో అంకె మార్చేస్తుంది.

రెవెన్యూ_పటం:
ఒక మాట. చెరువు హద్దుకు శాటిలైట్ సరిపోదు, నీళ్ళు ఉన్నంత మేర చెరువు కాదు. ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత రెవెన్యూ భూముల రిజిస్టరు) సర్వే నంబరు, విస్తీర్ణం, "చెరువు పోరంబోకు" అని ఉంటుంది. ఎఫ్‌ఎంబీ పటం (సర్వే నంబరు వారీ కొలతల పటం) తెచ్చుకుని, కట్ట, తూము, మొరవ (అలుగు) మూడు చోట్లా జీపీఎస్ తీసి దాని మీద కూర్చోబెట్టండి. చేతికి ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగాలి, జవాబుకు గడువు 30 రోజులు. అందుకే ఈ దరఖాస్తు డిసెంబరులోనే పడాలి, నీళ్ళు పట్టడానికంటే ముందే. నీళ్ళు వచ్చే వంకలు కూడా ఊళ్ళో పెద్దవాళ్ళతో నడిచి గుర్తు పెట్టుకోండి. ప్లాట్ల కింద పూడిపోయిన వంక బొమ్మలో కనపడదు, వాళ్ళకు మాత్రం ఎక్కడో తెలుసు.

గంగజాతర_సర్వే:
ఫలితాలు ఇంటికి తిరిగి ఇచ్చేటప్పుడు ఒక కాగితం, తెలుగులో, బోరు నంబరుతో. నైట్రేట్ 45 దాటిన ఇళ్ళకు కాచి తాగమని పొరపాటున కూడా చెప్పకండి. కాచితే నీళ్ళు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.