అప్‌డేట్: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ – చందా వెనుక దాగిన ఖర్చులు తేలాయి

రెండు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో నెల చందా తక్కువగా ఉన్నదాన్ని తీసుకోవచ్చా, కనిపించని ఖర్చులేమైనా ఉంటాయా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది "చేరే ముందే బయటికి వెళ్లే దారి చూసుకోండి" అన్న మాట. ఉచిత గడువులోనే కొన్ని నమూనా బిల్లులు ఎక్కించి, మొత్తం డేటాను బయటికి తీశాను. చౌకదాంట్లో సీఎస్‌వీ (పట్టిక రూపంలోని సాదా టెక్స్ట్) ఫైలు వచ్చింది గానీ, బిల్లులకు జతచేసిన పీడీఎఫ్‌లు రాలేదు. వాటిని ఒక్కొక్కటిగా దించుకోవాలట! పైగా బిల్లు మొత్తం, పన్ను రెండూ ఒకే గడిలో కలిసిపోయాయి. వాటిని విడదీయడానికి పట్టే సమయానికి చందా పట్టికలో ధర ఉండదు కదా.

మిగతాది మా ఆడిటర్ పట్టుకున్నారు. చౌకదాంట్లో చందా మనిషి లెక్కన కాబట్టి, ఏడాదికోసారి లెక్కలు చూసే ఆయనకూ పూర్తి చందా కట్టాలి. ఏ బిల్లును ఎవరు మార్చారో చూపే చిట్టా కావాలంటే ఎక్కువ ధర ప్లానే తీసుకోవాలి. ఇవన్నీ కూడితే చౌకదే ఖరీదైంది. రెండోదే తీసుకున్నాం.

సలహాల్లో వచ్చిన, క్లౌడ్ (ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే సర్వర్లు) నుంచి డేటా తరలించే రుసుము మాకు వర్తించలేదు. మా సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్లు విక్రేతవే. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్‌ను మేమే నడుపుకుంటే లైసెన్సు ఖర్చు లేకపోయినా, బ్యాకప్‌లు, అప్‌డేట్లు చూసే మనిషి మా దగ్గర లేరు.

గడువు ముగిశాక చందాను కొనసాగించేటప్పుడు ధర ఎంతవరకు పెంచవచ్చో ఒప్పందంలో రాయించుకున్నాం. అడిగితే కాదనలేదు.