సీలియాక్: గోధుమ మానేసి మూడు నెలలైనా హిమోగ్లోబిన్ ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న (మధురవాడ)

మా చెల్లికి 31 ఏళ్లు, బరువు 45 కిలోలు. మూడు నెలల కిందట సీలియాక్ (గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పేగుని దెబ్బతీసే జబ్బు) అని తేలింది. టీటీజీ ఐజీఏ (సీలియాక్‌ని పట్టే రక్తపరీక్ష) మామూలు హద్దుకి పది రెట్లకు పైన ఉంది, పేగు ముక్క తీసి చూసిన బయాప్సీలో మార్ష్ 3బీ అని రాశారు. ఆ రోజు నుంచి చపాతీ, పూరీ, ఉప్మా, బ్రెడ్డు, బిస్కెట్లు ముట్టలేదు. రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటోంది. హిమోగ్లోబిన్ అప్పుడు 8.2, ఇప్పుడు 8.6. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) 7, విటమిన్ డి 9, బీ12 190. కడుపుబ్బరం కాస్త తగ్గింది కానీ పోలేదు. పొద్దున హోటల్ ఇడ్లీ గానీ పెసరట్టు గానీ, మధ్యాహ్నం ఇంట్లో అన్నం, పప్పు, చారు, రాత్రికి బయట కొన్న జొన్నరొట్టెలు. టీ రెండు పూటలా తాగుతుంది. ఎక్కడ తేడా కొడుతోందో చెప్పగలరా?

జవాబు (డైటీషియన్, ఎంవీపీ కాలనీ)

మీరు రాసిన తిండిలోనే మూడు చోట్ల నాకు అనుమానం ఉందండీ.

మొదటిది రాత్రి రొట్టె. జొన్నపిండికి సాగే గుణం లేదు, ఒత్తితే అంచులు చీలతాయి. బండి మీద గబగబా చేయాలి కాబట్టి చాలాచోట్ల గోధుమపిండి కలుపుతారు. కలపకపోయినా, పుల్కాలు ఒత్తిన పీట మీదే జొన్నరొట్టె చేస్తారు, పెనమూ అదే, చల్లే పొడిపిండీ అదే. ఒక మాదిరి చపాతీలో 2 గ్రాములకు పైగా గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లలో చాలామందికి రోజుకి 10 మిల్లీగ్రాముల లోపైతే హాని కనబడదు, 50 మిల్లీగ్రాములు రోజూ వెళ్తే మాత్రం పేగు పాడవుతుంది. పావు గ్రాము గోధుమపిండిలో, అంటే చిటికెడులో, 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పీట మీద మిగిలిన పిండి ఎంతో ఊహించుకోండి.

రెండోది ఇంగువ. మనం పోపులో వేసేది అచ్చమైన ఇంగువ కాదు, గోధుమపిండో మైదానో, జిగురో కలిపి చేసినది. ముద్ద ఇంగువకీ ఇదే వర్తిస్తుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఈ రోజే తిప్పి చూడండి. పప్పులో, చారులో, పులిహోరలో, ఊరగాయ పోపులో రోజూ పడేది ఇదొక్కటే. అందుకే ఇంట్లో గోధుమ ఛాయ కూడా లేదనుకునేవాళ్లు కూడా ఇక్కడే దొరికిపోతారు. బియ్యప్పిండితో చేసి గ్లూటెన్ లేదని ముద్ర వేసినవి దొరుకుతాయి. దొరికేదాకా వెల్లుల్లి, జీలకర్ర, మెంతులతో పోపు పెట్టండి.

మూడోది హోటల్ టిఫిన్. పెసరట్టు పిండిలో గోధుమ లేదు. కానీ అదే పెనం మీద రవ్వ దోశ పోస్తారు, అదే అట్లకాడతో ఉప్మా పెసరట్టు మడుస్తారు. ఇడ్లీ వరకూ నయం, సాంబారులో మళ్లీ ఇంగువ. అడిగేటప్పుడు "రవ్వ ఉందా" అని మాత్రం అడగకండి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది, మన నోట్లో రెండూ రవ్వే. నూక కూడా అంతే: బియ్యం నూక మంచిదే, అన్నవరం ప్రసాదంలో వేసేది గోధుమ నూక. "గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, వీటిలో ఏదైనా పడుతుందా" అని పేర్లు పెట్టి అడగండి.

మిఠాయిల్లో మాడుగుల హల్వా గోధుమపాలతో చేసేది కాబట్టి ససేమిరా వద్దు. కాజా, కజ్జికాయ, బొబ్బట్టు, జిలేబి అన్నీ మైదావే. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు ఇంట్లో చేసుకుంటే నిశ్చింతగా తినొచ్చు. ఎండాకాలం బార్లీ నీళ్లు, పాలలో కలిపే మాల్టు పొడులు, బీరు, సోయాసాస్ కూడా మానాలి. వెళ్లిన చోటల్లా "బార్లీ చలవ చేస్తుంది" అని గ్లాసు చేతిలో పెడతారు. బార్లీలోనూ గ్లూటెన్ ఉందని ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

ప్యాకెట్ల మీద గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే ఆ సంగతి రాయాలని మన ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. రాగి బిస్కెట్టు, రాగి సేమ్యా అన్న పేరు చూసి మోసపోకండి. వాటిలో చాలావాటికి మొదటి దినుసు మైదానో గోధుమో.

జవాబు (జీర్ణకోశ వైద్యుడు)

తిండి సంగతి పైన వివరంగా వచ్చింది కాబట్టి రక్తం విషయం చెబుతాను. ఐరన్‌ను పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. సీలియాక్‌లో ముందుగా, గట్టిగా దెబ్బతినేదీ అదే. మార్ష్ 3బీ అంటే అక్కడ ఉండాల్సిన చిన్న వేళ్లలాంటి మొలకలు చాలావరకు అరిగిపోయాయన్నమాట. పెద్దవాళ్లలో అవి మళ్లీ లేవడానికి నెలలు కాదు, ఏడాది రెండేళ్లు పట్టొచ్చు. అందాకా నోటి మాత్ర సగమే పనిచేస్తుంది.

మాత్ర ఎలా వేసుకుంటున్నారో అడగండి. టీ, కాఫీ, పాలతో గానీ కాల్షియం మాత్రతో గానీ వేస్తే ఉన్న కొద్దిపాటి శోషణ కూడా పోతుంది. పరగడుపున నిమ్మరసంతో వేసుకుని, గంటన్నర ఆగి టీ తాగాలి. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకోవచ్చు, దాని వల్ల నష్టం లేదు. ఒక మోతాదు పడగానే శరీరం హెప్సిడిన్ అనే హార్మోన్ పెంచి మర్నాటి ఐరన్‌కి తలుపు మూస్తుంది. మాత్ర మీద రాసిన మొత్తం బరువు కాక అందులో అసలు ఐరన్ ఎంతో చూడండి. 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో అసలు ఐరన్ 65 మాత్రమే.

సరిగ్గా వేసుకున్న మాత్రతో నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. మీకు మూడు నెలల్లో 0.4. ఇంకా మాత్రల మీదే ఆధారపడే సమయం కాదు, ఐరన్ సెలైన్‌లో ఎక్కించమని మీ డాక్టరును అడగండి. లెక్క ఇలా కడతారు: 45 కిలోల బరువుని, కావాల్సిన 15కీ ఉన్న 8.6కీ తేడా 6.4తో, మళ్లీ 2.4తో హెచ్చించి, నిల్వ కోసం 500 కలపాలి. సుమారు 1200 మిల్లీగ్రాములు వస్తుంది. ఐరన్ సుక్రోజ్ అయితే విడతకి 200 చొప్పున ఆరు సార్లు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే రెండు విడతల్లో అయిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ రెండో మందు రక్తంలో ఫాస్ఫరస్‌ని పడగొడుతుంది. విటమిన్ డి 9 ఉన్న మనిషికి అది మరీ ఇబ్బంది, ఎముకల నొప్పులూ నీరసమూ పెరుగుతాయి. ముందు ఫాస్ఫరస్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడాలి. ఏదైనా సరే ఆసుపత్రిలోనే, ఎక్కించాక అరగంట అక్కడే కూర్చోవాలి.

బీ12 190 ఉంది కాబట్టి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే మొదలుపెట్టొద్దు. రక్తం బాగుపడ్డట్టు కనబడుతూ, నరాల దెబ్బ లోలోపల కొనసాగుతుంది. బీ12 ఇంజెక్షన్ మొదలయ్యాకే, లేదా దానితో కలిపే ఫోలిక్ ఆమ్లం.

విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికి ఒకటి, ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి అని సాధారణంగా రాస్తారు. రోజుకొకటి మింగేసి కాల్షియం పెరిగి, వాంతులు, మలబద్ధకం, కిడ్నీ దెబ్బతో వచ్చేవాళ్లుంటారు, చీటీ మీద "వారానికి" అన్న మాటని ఎర్రసిరాతో గీసి పెట్టుకోండి. నెయ్యో నూనో ఉన్న భోజనం తర్వాత వేసుకోవాలి. కాల్షియం ఒక్కసారికి 500 మించకుండా, కార్బనేట్ అయితే భోజనంతోనే. థైరాయిడ్ మాత్ర ఉంటే దానికీ ఐరన్, కాల్షియంకీ మధ్య నాలుగు గంటలు.

జింక్ కూడా చూపించండి. కానీ నెలల తరబడి జింక్ మాత్ర వేస్తే రాగి లోహం (కాపర్) లోపం వచ్చి, అది మళ్లీ రక్తహీనతే అవుతుంది.

జవాబు (ఇంటి వంట వివరాలు, గాజువాక)

అమ్మా, పిండిమర గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. మంచి చోళ్లు (రాగులు) కొని, గోధుమలు ఆడే మరలోనే ఇస్తే అవి మళ్లీ గోధుమ కలిసిన చోళ్లే. రాళ్ల సందులో, జల్లెడలో, గుడ్డసంచిలో పాత పిండి నిలుస్తుంది. ముందు కిలో బియ్యం ఆడించి కడిగినా నమ్మకం లేదు. చోళ్లు రైతుబజార్లో గింజలుగా కొనండి, చేటలో చెరిగి గోధుమ గింజలేమైనా ఉంటే ఏరి, రెండు నీళ్లు కడిగి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి ఒక రోజు మొలకెత్తనివ్వండి. నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, ఇంటి మిక్సీలో పావుకిలో చొప్పున ఆడించుకోండి. మొలక కట్టడం వల్ల ఐరన్‌ని, కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది.

చోడి అంబలికి ముప్పై గ్రాములు పిండి, అంటే నిండుగా రెండు పెద్ద చెంచాలు, అర గ్లాసు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలపాలి. మరిగే రెండు గ్లాసుల నీళ్లలో పోసి పది నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. రాత్రి చేసి ఉంచి పొద్దున మజ్జిగ కలిపితే సుమారు 100 మిల్లీగ్రాముల కాల్షియం పిండి నుంచే వస్తుంది, మజ్జిగది అదనం. మొదట్లో పాలు పడకపోవచ్చు, పాలలోని చక్కెర లాక్టోజ్‌ని అరిగించే శక్తి కూడా తగ్గి ఉంటుంది. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, పేగు బాగయ్యాక పాలూ పడతాయి.

చేపలు తింటే నెత్తళ్లు వదలకండి. తల గిల్లేసి ముల్లుతో సహా వండేది కదా, కాల్షియం, బీ12 రెండూ అందులో దొరుకుతాయి. బియ్యప్పిండి, ఇంటి కారంతోనే వేయించండి, కొన్న మసాలా పొడి వద్దు. శాకాహారులైతే కాల్షియానికి గుప్పెడు మునగాకు, రెండు చెంచాల నువ్వులు, వారానికి మూడు రోజులు పప్పులో తోటకూర. ఆకుకూర అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఇంకాస్త అందుతుంది.

జొన్నరొట్టె ఇంట్లో చేయండి. గ్లాసు జొన్నపిండికి ముప్పావు గ్లాసు మరిగే నీళ్లు, చిటికెడు ఉప్పు. వేడి మీదే గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక అయిదు నిమిషాలు మెత్తగా మర్దించి, తడిగుడ్డ మీద తట్టండి. చీలిందంటే నీళ్లు మరగలేదని అర్థం, పిండి పాతబడినా చీలుతుంది.

ఇంట్లో మిగతావాళ్లకి చపాతీ చేస్తే ఆమె తిండి ముందు వండేసి మూత పెట్టాకే పిండి జల్లెడ పట్టండి. చెక్కగరిటె, పీట, కర్ర, జల్లెడ, గీతలు పడ్డ పెనం వేరుగా ఉండాలి. స్టీలు గిన్నెలు తోముకుంటే చాలు. పూరీ కాల్చిన నూనెలో వడియాలు వేయించకండి.

ప్రశ్న అడిగినవారు

చూశాం. ఇంగువ డబ్బా మీద గోధుమపిండి అనే ఉంది. మాత్ర కూడా టీతోనే వేస్తోంది. ఓట్స్ పెట్టొచ్చా? పండగ రోజు కొంచెం బొబ్బట్టు తింటే? ఇప్పుడు ఇంట్లో అందరం గోధుమ మానేద్దామనుకుంటున్నాం.

జవాబు (జీర్ణకోశ వైద్యుడు)

ఓట్స్ మొదటి ఆరు నెలలు వద్దు. మామూలు ఓట్స్‌లో గోధుమ కలిసి ఉంటుంది, శుద్ధి చేసినవీ కొందరికి పడవు. ఏడాదికొకసారి బొబ్బట్టు అన్నా కూడా వద్దు, కడుపులో నొప్పి రాకపోయినా పేగు దెబ్బతినడం మళ్లీ మొదలవుతుంది.

ఈ వారం ఇంగువ, బయట రొట్టె, టీతో మాత్ర ఈ మూడూ ఆపండి. ఐరన్ ఎక్కించిన నాలుగు వారాలకు హిమోగ్లోబిన్, ఎనిమిది వారాలకు ఫెర్రిటిన్ చూడండి. అంతకంటే ముందు చూస్తే ఫెర్రిటిన్ అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. టీటీజీ మొదటి తేదీ నుంచి ఆరు నెలలకి, ఏడాదికి. సున్నా అవ్వక్కర్లేదు, దిగుతూ ఉండాలి. థైరాయిడ్, లివర్ పరీక్ష, ఎముకల సాంద్రత కోసం డెక్సా ఒకసారి.

ఇంట్లో గోధుమ మానేయడానికి ముందు మీరు, అమ్మ, నాన్న, మీ చెల్లికి పిల్లలుంటే వాళ్లూ టీటీజీ ఐజీఏ, మొత్తం ఐజీఏ రెండూ చేయించుకోండి. దగ్గరి రక్తసంబంధీకుల్లో సుమారు పదిమందికొకరికి ఉండవచ్చు, లక్షణాలేమీ లేకుండా కూడా. గోధుమ మానేశాక చేయిస్తే పరీక్ష తప్పుగా లేదని వస్తుంది. అప్పుడు వారాల తరబడి మళ్లీ రోజూ చపాతీ తిని పరీక్షకు రావాల్సి ఉంటుంది. మొత్తం ఐజీఏ తక్కువగా ఉంటే టీటీజీ ఐజీఏని నమ్మలేం, ఐజీజీ రకం పరీక్ష వేరే ఉంది, అది రాయించుకోండి.