బీటెక్ మానేసి బొమ్మలంటే నాన్న ఒప్పుకుంటారా?

బొమ్మలబ్బాయి: మాది భీమవరం దగ్గర. బీటెక్ రెండో ఏడు. నాకు యానిమేషన్‌లోకి వెళ్ళాలని ఉంది. మొన్న భోజనాల దగ్గర కదిపితే నాన్న "బొమ్మలేసి ఏం తింటావురా?" అని కంచం ముందునుంచి లేచిపోయారు. మాకు నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు. ఎలా ఒప్పించాలి?

గోదారిగట్టు: బాపుగారు మన నరసాపురంలోనే పుట్టారని చెప్పు.

చెరువుగట్టు: ఆయన 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారండి. ఆ ముక్క ఎవరూ చెప్పరు. బాబూ, ముందు బీటెక్ పూర్తి చెయ్యి.

గోదారిగట్టు: ఆ పట్టాతో ఎన్ని కేసులు వాదించారేంటి?

చెరువుగట్టు: వాదించారా అని కాదు, పట్టా ఉందా లేదా?

గోదారిగట్టు: సరే, చిత్రకారుడు దామెర్ల రామారావుగారు. 1897లో రాజమండ్రిలో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జే.జే. ఆర్ట్ స్కూల్‌కి వెళ్ళారు. మనింట్లో మన మాట చెల్లనప్పుడు బయటి పెద్దమనిషి చెప్పాలి. మీ నాన్నకి మేత అప్పిచ్చే డీలర్ ఉంటాడుగా, ఆయనతో చెప్పించు.

లేసుదారం: మేత డీలర్‌తోనా! ఇంకా నయం. మా అమ్మ నలభై ఏళ్ళు లేసు అల్లింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని అందరూ సంబరపడ్డారు. అమ్మకి మాత్రం ఏజెంటు చెప్పిందే కూలి. తమ్ముడూ, పనికి డబ్బు ఎవరిస్తారో, ఎంతిస్తారో కనుక్కుని దిగు.

చెరువుగట్టు: అదే నేనూ అంటున్నా. పట్టా ఉంటే...

గోదారిగట్టు: మళ్ళీ పట్టా! రొయ్యకి తెల్లమచ్చ తెగులు వస్తే వారం తిరక్కుండా చెరువు ఖాళీ. అయినా మళ్ళీ అప్పు చేసి రొయ్యపిల్ల వదులుతారు. అది రిస్కు కాదా? పిల్లాడు బొమ్మలేస్తేనే రిస్కా?

చెరువుగట్టు: చెరువులో రొయ్య చస్తే తెల్లారేసరికి నాకు తెలుస్తుంది. మా వాడు కాలేజీ మానేస్తే పద్నాలుగు నెలలు తెలీలేదు. పెళ్ళి భోజనాల్లో ఎవరో చెబితే విన్నాను. మీకేం, గట్టు మీద కూర్చుని ఎన్నైనా చెప్తారు.

లేసుదారం: అయ్యో. మీరు ఇందాకట్నుంచీ మీ అబ్బాయితో మాట్లాడుతున్నారన్నమాట.

చెరువుగట్టు: అనుకోండి.

బొమ్మలబ్బాయి: ఒక మాట దాచాను. ఈ సెమిస్టర్ ఫీజు కాలేజీకి కట్టలేదు. ఆన్‌లైన్ యానిమేషన్ కోర్సుకి కట్టేశాను. మేతకని ఉంచిన డబ్బులోంచి ఇచ్చారు నాన్న.

గోదారిగట్టు: ముందే చెప్పొద్దటయ్యా! నేను దామెర్ల దాకా వెళ్ళొచ్చాను.

చెరువుగట్టు: నువ్వు బొమ్మలేసుకో, కాదన్ను. ఇది మాత్రం ఇంకొకరి నోట మీ నాన్న వినకూడదు.

బొమ్మలబ్బాయి: శనివారం రొయ్యల పట్టుబడి. అది అయ్యాక చెప్తానండి.

చెరువుగట్టు: రొయ్య సైజు తక్కువొస్తే ఒక కారణం, ధర పడిపోతే ఇంకో కారణం దొరుకుతుంది నీకు. ఇవాళే చెప్పు.

బొమ్మలబ్బాయి: రాత్రి చెరువు దగ్గరికి ఇద్దరం వెళ్తాం. అక్కడ చెప్తాను.

చెరువుగట్టు: నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల మోతలో సగం వినపడదు. ఇంట్లో చెప్పు, మీ అమ్మ కూడా ఉండగా.