పాత హాలు పడగొట్టి భారీ సాంస్కృతిక కేంద్రం కడతారట, సమావేశంలో ఏం అడగాలి?

నీలిగొడుగు:

అందరికీ నమస్కారం. మేముండే చోట ఒక పాత కమ్యూనిటీ హాలు ఉంది. దాన్ని పడగొట్టి అదే స్థలంలో పెద్ద సాంస్కృతిక కేంద్రం కట్టాలని కౌన్సిల్ ఆలోచన. ఆడిటోరియం, ఎగ్జిబిషన్ హాలు, పైన అద్దాల గోడల లైబ్రరీ, కింద పార్కింగ్. డిజైన్ బొమ్మలు చూపించారు, నిజంగా చాలా బాగున్నాయి. ఖర్చెంత అని అడిగితే ఒక అంకె చెప్పారు, మా ఏడాది బడ్జెట్‌లో అది చాలా పెద్ద వాటా, కానీ ఆ అంకె ఎలా వచ్చిందో కాగితాల్లో ఎక్కడా లేదు. వచ్చే శనివారం ప్రజాభిప్రాయం అడగడానికి సమావేశం పెట్టారు.

నేను కట్టొద్దనే మనిషిని కాదు. మా పిల్లలు మొదటిసారి స్టేజీ ఎక్కింది ఆ పాత హాల్లోనే. రక్తదాన శిబిరాలు, బొమ్మల పోటీలు, పెద్దవాళ్ల వ్యాయామం క్లాసులు, అన్నీ అక్కడే జరుగుతాయి. వానొస్తే కారుతుంది, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు మెట్ల దగ్గరే ఆగిపోతారు. కొత్తది కావాల్సిందే. కానీ ఖర్చు గురించి నోరు తెరిస్తే చాలు, అభివృద్ధికి అడ్డుపడుతున్నావనే ముద్ర వేసేస్తున్నారు. మా వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది, నిన్నటిదాకా కలిసి కార్యక్రమాలు చేసినవాళ్లే ఇప్పుడు ఒకరినొకరు పలకరించుకోవట్లేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ దాని గురించే. ఎవరైనా ఇలాంటిది చూసుంటే చెప్పండి, ఏం అడగాలి, ఎలా అడగాలి?

గుణకారం:

ముందు ఆ అంకె సంగతే తేల్చుకోండి. మొదట చెప్పిన ఖర్చుకు పూర్తయిన పెద్ద ప్రభుత్వ భవనాలు చాలా తక్కువ. సిడ్నీ ఒపేరా హౌస్‌కి మొదటి అంచనా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, చివరికి అయింది 10 కోట్ల 20 లక్షలు. 1963 నాటికి పూర్తవుతుందన్నారు, తలుపులు తెరుచుకున్నది 1973లో. స్కాట్లండ్ పార్లమెంటు భవనానికి 1997లో కోటి నుంచి 4 కోట్ల పౌండ్ల మధ్య అవుతుందన్నారు, 2004లో తెరిచేసరికి లెక్క 41 కోట్లు దాటింది, చివరికి దాని మీద ప్రత్యేకంగా విచారణే జరపాల్సి వచ్చింది. జర్మనీలోని హాంబర్గ్‌లో ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ అనే సంగీత భవనానికి ప్రజాధనం నుంచి 7 కోట్ల 70 లక్షల యూరోలు చాలన్నారు, 2017లో తెరిచేనాటికి ప్రజల మీద పడింది 78 కోట్ల 90 లక్షలు.

వీటన్నిటినీ డబ్బు తినేశారు అనే ఒక్క మాటతో తేల్చేయొద్దు, అలా అంటే అసలు కారణం కనపడదు. సిడ్నీలో పైకప్పు ఎలా నిలబెట్టాలో డిజైన్ తేలకముందే కింద పని మొదలుపెట్టేశారు, తర్వాత ఆ కప్పు బరువుకి కింది స్తంభాలు సరిపోవని తెలిసి మళ్లీ కట్టాల్సి వచ్చింది. హాంబర్గ్‌లోనూ డిజైన్ పూర్తికాకుండానే కాంట్రాక్టు ఇచ్చారు, తర్వాత మార్పు మార్పుకీ గొడవే, ఏడాదికి పైగా పని ఆగిపోయింది. స్కాట్లండ్‌లో ఎంచుకున్న కాంట్రాక్టు పద్ధతి వల్ల పెరిగిన ఖర్చంతా కట్టించుకునేవాళ్ల నెత్తినే పడింది. అందుకే మూడు సంగతులు అడగండి: టెండర్ పిలిచేనాటికి డ్రాయింగులు ఎంతవరకు పూర్తయి ఉంటాయి, మధ్యలో ఖర్చు పెరిగితే ఎవరు భరిస్తారు, ఇదే సైజు భవనాలు వేరే చోట్ల నిజంగా ఎంతకి పూర్తయ్యాయో చూసి ఈ అంకె వేశారా లేదా. మూడోది వదలొద్దు.

సాయంత్రం షిఫ్టు:

గుణకారం గారు కట్టే ఖర్చు చెప్పారు, నేను కట్టాక వచ్చే ఖర్చు చెప్తాను. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 2013లో దాదాపు 19 కోట్ల పౌండ్లతో బ్రహ్మాండమైన లైబ్రరీ కట్టారు. రెండేళ్లు తిరక్కముందే, 2015లో, వారానికి 73 గంటలు తెరిచి ఉండేదాన్ని 40 గంటలకి తగ్గించేశారు. భవనం ఉంది, పుస్తకాలు ఉన్నాయి, నడపడానికి డబ్బుల్లేవు. నేను లైబ్రరీలో పనిచేసే మనిషిని కాబట్టి ఆ వార్త చదివినప్పుడు చాలా బాధేసింది. తగ్గించిన ఆ గంటల్లోనే కదా ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్లు, స్కూలు అయిపోయాక పిల్లలు వచ్చేది.

అద్దాల గోడలంటున్నారు కదా, వాటిని ఎవరు కడుగుతారు, ఎండాకాలం ఏసీకి కరెంటు బిల్లు ఎంతొస్తుంది, లిఫ్టు పాడైతే ఎన్నాళ్లలో బాగుచేస్తారు, రాత్రి వాచ్‌మన్ జీతం ఏ పద్దులోంచి ఇస్తారు. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ ఏటా వచ్చేవి ఇవే. కట్టడానికి ఎక్కడినుంచో ఒకసారి నిధులు తెచ్చుకోవచ్చు, నడపడానికి ఎవరూ ఇవ్వరు. వచ్చే పదేళ్లకి నిర్వహణ ఖర్చు లెక్క రాసి ఇవ్వమనండి.

తెరవెనక:

ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడారు, నేను లోపల జరిగే పనుల గురించి చెప్తాను. చాలా ఏళ్లు ఒక నాటక బృందం నడిపాను. మా దగ్గరా ఇలాగే పాత హాలు తీసేసి ఆడిటోరియం కట్టారు. వాలు నేల, కదలని కుర్చీలు, అద్భుతమైన లైట్లు. ప్రారంభం రోజు నేనే ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత అద్దె పట్టిక వచ్చింది. మాకు ప్రదర్శన ఏడాదికి రెండుసార్లే, రిహార్సల్ మాత్రం వారానికి మూడు సాయంత్రాలు కావాలి, ఆ అద్దెకి ఒక్క వారం కూడా గడవదు. కొన్నాళ్లు ఒకరి ఇంటి మేడ మీద చేశాం, తర్వాత ఒక్కొక్కరూ రావడం మానేశారు, బృందం పోయింది. మాతోపాటు పాత హాల్లో కుట్టు నేర్పించేవాళ్లు, చదరంగం ఆడే పిల్లలు కూడా ఉండేవాళ్లు, వాళ్లు ఏమయ్యారో ఎవరూ అడగలేదు. పాత హాలు తాళం పక్కింట్లో ఉండేది, అడిగితే ఇచ్చేవాళ్లు. కొత్తదానికి దరఖాస్తు, డిపాజిట్, రెండు సంతకాలు.

అందుకని మీకు నా సలహా, సమావేశానికి వెళ్లేముందు ఇప్పుడున్న హాలు బుకింగ్ రిజిస్టర్ చూడండి. ఏ రోజు ఎవరు వాడుకున్నారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని గంటలు ఉన్నారు. ఎక్కువ కార్యక్రమాలకి కావాల్సింది చదునైన నేల, మడిచి పక్కన పెట్టుకునే కుర్చీలు, సామాన్లు పెట్టుకోవడానికి గది, శుభ్రమైన టాయిలెట్లు, ర్యాంపు, మధ్యలో జరిపే తలుపులతో రెండుగా చేసుకోగలిగే హాలు. కుర్చీలు నేలకి బిగించేస్తే రక్తదాన శిబిరానికి మంచాలు ఎక్కడ వేస్తారు? ఇంకోటి, కట్టినన్నాళ్లూ ఈ జనమంతా ఎక్కడికి పోవాలి? రెండు మూడేళ్లు చోటు లేకపోతే ఏ బృందమూ మిగలదు, భవనం పూర్తయ్యాక దాన్ని వాడేవాళ్లే ఉండరు. పని మొదలయ్యేలోపే ఏ స్కూలు హాలో సాయంత్రాలు వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

నడకదారి:

నేను కొంచెం వేరేగా ఆలోచిస్తాను, తప్పనిపిస్తే చెప్పండి. పైన అంతా ఖర్చు పెరిగిన కథలే. కానీ ఈరోజు సిడ్నీని ఒపేరా హౌస్ లేకుండా ఊహించగలమా? 2007లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దాని ఖర్చులో ఎక్కువ భాగం లాటరీ టికెట్లు అమ్మి తెచ్చారు. మామూలు జనానికి కూడా అందమైన చోట కూర్చునే హక్కు ఉంది, ప్రభుత్వ భవనం అనగానే నాలుగు గోడలు ఒక రేకు కప్పు చాలనడం నాకు నచ్చదు.

అయితే ఏ భవనం అనేది చూడాలి. ఫిన్లండ్‌లోని హెల్సింకీలో గుగ్గెన్‌హైమ్ అనే కళల మ్యూజియం కడదామని ఏళ్ల తరబడి చర్చ నడిచింది, 2016లో నగర కౌన్సిల్ 53-32 ఓట్లతో వద్దంది. అదే నగరం 2018లో ఊడీ అనే కేంద్ర లైబ్రరీని 9 కోట్ల 80 లక్షల యూరోలతో తెరిచింది. అందులో కుట్టు మిషన్లున్నాయి, త్రీడీ ప్రింటర్లున్నాయి, పాటలు రికార్డు చేసుకునే గదులున్నాయి, ఏమేం ఉండాలో జనాన్ని ముందే అడిగారు. అంటే అక్కడివాళ్లు డబ్బు పెట్టడానికి వెనకాడలేదు, తమకు రోజూ పనికొచ్చేదాని మీద పెట్టారు. కాబట్టి నీలిగొడుగు గారూ, మీరు ఖర్చు తగ్గించమని అడిగితే గొడవ అవుతుంది, మాకు కావాల్సింది ఇందులో ఏది అని అడిగితే రెండు వర్గాలూ ఒకచోట కూర్చోవచ్చు.

గుణకారం:

నడకదారి గారి మాట ఒప్పుకుంటాను. ఒక్కటి కలుపుతాను. స్విట్జర్లండ్‌లో చాలాచోట్ల ఒక పరిమితి దాటిన ఖర్చు జనం ఓటుకి వెళ్తుంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రీలో 1989లో నగర బడ్జెట్‌లో కొంత భాగం మీద పేటల్లో సమావేశాలు పెట్టి జనమే ముందువెనకలు తేల్చే పద్ధతి తెచ్చారు. మీ దగ్గర అలాంటి నియమం లేకపోయినా, నిర్ణయం అయ్యాక పెట్టే సమావేశానికీ, ముందు పెట్టే సమావేశానికీ తేడా ఉంటుంది. ఇది ఏ రకమో మొదటి ప్రశ్నగా అడిగేయండి.

నీలిగొడుగు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. తెరవెనక గారూ, మీ బృందం సంగతి చదివి రాత్రి నిద్రపట్టలేదు, పొద్దున్నే వెళ్లి రిజిస్టర్ అడిగాను. హాలు చూసుకునే ఆయన సంతోషంగా ఇచ్చారు, ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదన్నారు. గత ఏడాదిది మొత్తం రాసుకున్నాను. హాలు కిక్కిరిసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ చిన్న చిన్న బృందాలు, అవి కూడా ఎక్కువగా సాయంత్రాలే. రాసుకోవడానికి నాకు సాయం చేసింది ఎవరో తెలుసా, గ్రూపులో కొత్త భవనం కావాలని అందరికంటే గట్టిగా వాదించినావిడ. ఆవిడ అమ్మగారు వ్యాయామం క్లాసుకి వస్తారట, కట్టినన్నాళ్లూ ఎక్కడికి వెళ్తారన్నది ఆవిడకీ తట్టలేదట.

శనివారం ఇద్దరం కలిసే మాట్లాడతాం. ఆవిడ రిజిస్టర్ లెక్క చదువుతారు, నేను పదేళ్ల నిర్వహణ ఖర్చు, అద్దె పట్టిక, కట్టేలోపు చోటు, ఈ మూడూ రాసి ఇమ్మని అడుగుతాను. ఏం చెప్పారో ఆదివారం ఇక్కడే రాస్తాను.